చీర పీలికలు

తోటి కూలీలు పరశురాంను జీపులో వేసుకుని మహబూబ్‌నగర్ దవాఖానకు పోయి గంట కూడా కాలేదు, సూపర్‌వైజర్ ప్రేమ్‌సాగర్ మళ్లీ గుంతలోకి దిగాడు. కొండను తొలిచి కడుతున్న పంప్‌హౌస్ అది. అడుగున మడమల లోతు ఊట నీళ్లు. ఆ నీళ్లలోనే నిలబడి ఇనుప పైపులు అతికే వెల్డర్ ఇస్రాయేలు. అతని భార్య సుక్కమ్మ అక్కడే రాళ్లు మోసే కూలీ. కరెంటు కొట్టి పడిపోయిన పరశురాం ఆమె తమ్ముడు.

"దవాఖానల జేర్పిచ్చిన్రు. ఇంకా కండ్లు తెర్వలేదంట. ఆడ డాక్టర్లున్నరు, మీరు జేసేదేమున్నది? పని సురువు జెయ్యిండ్రి" అన్నాడు ప్రేమ్‌సాగర్.

ఎండాకాలం దాకా మూడు వెల్డింగ్ మిషన్లుండేవి. కిరాయి ఎక్కువవుతోందని పైనుంచి మాట రాగానే రెండింటిని లారీ ఎక్కించారు. మిగిలిన ఒక్కదాన్నే ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చుకుంటూ ముగ్గురి పని చేయాలి. దానికి పొడుగు వైరు కావాలి. కొత్త వైరు దండగన్నారు, పాత ముక్కలే కలిపి ముళ్లేశారు. కోట్ల పని చేస్తున్న ఆ కంపెనీకి చివరికి పది రూపాయల టేపు చుట్ట కూడా బరువైపోయింది.

అప్పుడు ఉపాయం చెప్పింది సుక్కమ్మే. పాత చీర చించి పీలికలిచ్చింది. ఇస్రాయేలు వాటిని అతుకులకు చుట్టి, పైన పాల కవర్లు కట్టాడు. "ఖర్సు తగ్గించుడంటే గిట్లుండాలె" అని ప్రేమ్‌సాగర్ మెచ్చుకుంటే ఆమె మురిసిపోయింది. ఉన్న చెలక భూమి కాస్తా ఈ ప్రాజెక్టు కాలువ కింద పోయిన మనిషి, పని నిలబడితే చాలనుకుంది. ఆ తర్వాత ఎక్కడ అతుకు ఊడినా గుడ్డ కోసం ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఈ పొద్దున ఊట పెరిగి పీలికలు నానాయి. వైరు పక్కకు జరపబోయిన పరశురాం దాన్ని పట్టుకుని అట్లాగే బిగుసుకుపోయాడు. కట్టెతో కొట్టి విడిపించేసరికి అరచెయ్యి కమిలిపోయింది. ఆ చేతికి అంటుకున్న ఆకుపచ్చ గుడ్డముక్క తన చీరదేనని సుక్కమ్మ గుర్తుపట్టింది. తమ్ముణ్ని తన చేతులతోనే చంపుకున్నానేమోనని అప్పటి నుంచి తనను తానే తిట్టుకుంటోంది.

"సుక్కమ్మా, జర ఇంకో గుడ్డ ఉంటే జూడు. పొడిది" అన్నాడు ప్రేమ్‌సాగర్.



"కొత్త వైరు తెప్పియ్యరాదు సారూ" అన్నాడు ఇస్రాయేలు మెల్లగా.

"నా చేతుల ఏమున్నది? అడిగితె నన్నే ఇంటికి పొమ్మంటరు. మీతోని కాకపోతె చెప్పుండ్రి, రేపు వేరేటోళ్లు దిగుతరు."

ఇస్రాయేలు భార్య వైపు తిరిగాడు. "గీ ఒక్కపారికి ఇయ్యే. పరశురాం దవాఖాన ఖర్సుల కోసమన్న పని ఉండాలె గద."

నిజమే మరి. అందుకే ఆమెకు ఏడుపాగలేదు. ఏడుస్తూనే నిచ్చెనెక్కి పైకి పోయింది. గుడ్డ తేవడానికే అనుకున్నారు ఇద్దరూ. సుక్కమ్మ స్విచ్చు డబ్బా ముందు ఆగి మీట కిందికి గుంజింది. గుంతలో బల్బులన్నీ ఆరిపోయాయి. ఆమె డబ్బాకు వీపు ఆనించి కూర్చుంది.

"గుడ్డ ఇయ్యను సారూ" అంది పైనుంచి. "రేపొచ్చేటోళ్లకు సుత ఇయ్యొద్దనే చెప్త."

"పో, దాన్ని ఆడికెల్లి లేపు" అన్నాడు ప్రేమ్‌సాగర్ ఇస్రాయేలుతో.

ఇస్రాయేలు నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు నీళ్లలోంచి తీయలేదు.