దోర్కా కథలో అడ్డం నిలబడినవాడు

తెలుగు సంఘం వాళ్లు కథల పోటీ పెట్టారని తెలిసిన రోజే దోర్కా నాలుగు కాగితాలు రాసేసింది. ఆమెకు నలభై ఏడేళ్లు. భర్త శామ్ జబ్బు చేసి పోయాక అతని బదులు ఇచ్చిన ఉద్యోగంలో చేరి, పద్నాలుగేళ్లుగా రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద పని చేస్తోంది. రాసింది ఆ మొదటి ఏడాది గురించే.

ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలు జ్ఞానప్రకాశం మాస్టారి చేతిలో పెట్టింది. వాళ్లుండే రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సగం మందికి తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. చర్చి మెట్ల మీదే కూర్చుని ఆసాంతం చదివారు.

"బాగుందమ్మా. గానీ ఇది కత కాదు. సాక్ష్యం."

"అదేటి మాస్టారూ, అలాగనేసినారు?"

"కష్టమొచ్చింది, దేవుడు దాటించినాడు, వందనాలు. సాక్ష్యానికి అది సాలు. కతకి సాలదు. ఈ మనిషికి ఏటి కావాల? రాయనేదు. దానికి ఎవులు అడ్డం? అదీ నేదు. ఆ మిషను ఎక్కడున్నాది, దాని మీద ఎలుతురు ఎటునించి పడతాది? నువ్వు కళ్లు మూసుకొని పని సేసినావేటి?"

"అడ్డమున్నోడు ఉన్నాడండి."

"మరి కాగితం మీదకి ఎందుకు రానేదు?"

దోర్కా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మనిషి నూకయ్య. అప్పట్లో ఆ మిషన్ల వరసలో పెద్ద పనివాడు. ఇప్పుడు రిటైరై ఇందా పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మొన్న ఆమె కూతురు జెనీ పెళ్లిలో దగ్గరుండి వడ్డించినవాడు కూడా ఆయనే. అలాంటి మనిషిని ఊరందరి ముందూ ఎలా నిలబెడుతుంది?

రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు డ్యూటీకి వెళ్లేముందు, తెల్లారకుండానే వంటింట్లో కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి అన్నీ రాసింది. పై కిటికీ అద్దాల్లోంచి ఉదయం పదింటిదాకా మాత్రమే వెలుగు పడే మూడో మిషను. దాని మీద శామ్ చేసిన పని తానూ చేయాలన్న పట్టుదల. "నువ్వు సంతకం పెట్టి కూకో, జీతం అదే వొస్తాది" అని కొలత పనిముట్లు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్న నూకయ్య. ఎనిమిది నెలలు స్టూలు మీద కూర్చుని అతని చేతుల కదలికలు చూసి నేర్చుకోవడం. పని నేర్పండి, లేదా నేర్పేది లేదని రాసివ్వండి అంటూ ఫోర్‌మన్‌కి అర్జీ పెట్టి, పదకొండు రోజులు పొద్దున్నే ఆయన గది ముందు నిలబడటం. చివరికి మిషను చేతికొచ్చిన రోజు, ఆమె పాడుచేసిన, ఇరుసుకి తొడిగే గొట్టంలాంటి మొదటి బుష్‌ని నూకయ్య పైకెత్తి షాపంతటికీ చూపించి నవ్వడం. రెండోదీ పాడైంది. మూడోది పాసైంది.

రాశాక, నూకయ్యకు వినిపించకుండా పంపకూడదనుకుంది. మరుసటి ఆదివారం ఆటో ఎక్కి ఇందా వెళ్లింది. నూకయ్య భార్య చిలకమ్మ టీ ఇచ్చి పక్కనే కూర్చుంది. దోర్కా ఎక్కడా గొంతు తగ్గించకుండా మొత్తం చదివింది.

నూకయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అంతా నిజిమే," అన్నాడు. "గానీ నేనెందుకు అలగ సేసినానో నీకు తెల్దు."

"సెప్పండి మావయ్యా."

"మా వినోద్ మూడుసార్లు రైల్వే పరీక్ష రాసినాడు. మూడోసారీ తప్పిన వారమే నువ్వు వొచ్చి ఆ మిషను కాడ నిలబడినావు. నా కొడుకుండాల్సిన సోటు అనిపించింది. నిన్ను సూసినప్పుడల్లా కడుపు మండిపోయేది."

చిలకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ మాట నాకూ ఎప్పుడూ సెప్పనేదు," అంది.

దోర్కాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. "మీ మంటకి నేనేటి సేసినాను మావయ్యా? నా మొగుడు పోయి నేనొచ్చినాను. ఎనిమిది నెలలు కూకోబెట్టినారు."

"తప్పే."

"ఇదీ రాస్తాను. తప్పు తగ్గించి మాత్రం రాయను."

"తగ్గించొద్దు. వినోద్ పేరు మార్చు. నా పేరు ఉండనీ."

ఇంటికొచ్చి మూడోసారి రాసింది. నూకయ్య ఇంట్లో జరిగింది తాను చూసింది కాదు. 'నేను' అని చెబుతుంటే కథ ఆ గుమ్మం దాటి లోపలికి పోవడం లేదు. అందుకని మొదటినుంచీ 'ఆమె' అని మార్చేసింది. అప్పుడు, ఫలితాలు వచ్చిన సాయంత్రం వరండాలో తల ఎత్తకుండా కూర్చున్న కొడుకూ, సైకిలు దిగి ఏమీ అడగలేక లోపలికి పోయిన తండ్రీ కథలోకి వచ్చారు.

పోటీ రోజు, రాసినవాళ్లే కథలు చదివి వినిపించే సభకి హాలు నిండింది. నూకయ్య రెండో వరసలో కూర్చున్నాడు. పాడైన బుష్ దగ్గరికి వచ్చేసరికి షాపు వాళ్లంతా ఆయనవైపు తిరిగి చూశారు. దోర్కా ఆగింది.

"సదువమ్మా," అన్నాడు నూకయ్య, అందరికీ వినపడేలా.

ఆమె చివరిదాకా చదివింది.

బహుమతి ఇంకెవరికో వచ్చింది. కథ సంఘం సంచికలో అచ్చయింది, నూకయ్య పేరుతో సహా. ఆయన రెండు ప్రతులు అడిగి తీసుకున్నాడు. ఒకటి తనకు, ఒకటి వినోద్ చేతికి ఇవ్వడానికి.