కాదనని కొట్టు

కొట్టంతా భోజనానికి లేచాక, వెనక గదిలో చంద్రమౌళి ఎప్పటిలాగే సర్వర్‌ని ఆపి మళ్లీ నడిపించడానికి కూర్చున్నాడు.

జగ్గయ్యపేటలో చెన్నకేశవరావుది మిర్చి వ్యాపారం. రైతులు ఆయన వెబ్‌సైటులో సరుకు ఫొటోలు పెడతారు, కొట్టువాళ్లు ధర చెబుతారు. పొద్దున చురుగ్గా మొదలయ్యే సర్వర్‌లో మెమరీ కొంచెం కొంచెంగా నిండి, మధ్యాహ్నానికి సైటు కదలకుండా పోతుంది. ఆపి నడిపిస్తే మళ్లీ సాయంత్రం దాకా దిగులుండదు. ఆ పనికే చంద్రమౌళిని పెట్టుకున్నారు. నలభై దాటిన మనిషి. పల్చబడ్డ జుట్టు, తెరకేసి చూసి చూసి ముందుకు వంగిన మెడ. రోజూ నందిగామ నుంచి బస్సులో వస్తాడు. సర్వర్ రోగం నయం కానంతకాలమే తనకు గిరాకీ అని అతనికి తెలుసు.

గుమ్మంలో ఆటో ఆగింది. పెనుగంచిప్రోలు రైతు రాఘవమ్మ ఫోను చేత్తో పట్టుకుని నేరుగా లోపలికొచ్చింది.

"ఏం బాబూ, మీ సైటు కూడా అన్నం తిని పడుకుంటదా? పొద్దున పెట్టిన కాయ ఇప్పుడు తెరుచుకోదు. నిన్న పెట్టిందైతే మాయమే అయింది!"

"మళ్లీ పెట్టండమ్మా."

"ఎన్నిసార్లు పెట్టాలయ్యా? కల్లంలో కాయ, నెత్తిన మబ్బు. ధరన్నా చెప్పండి, వద్దన్నా అనండి. ఇంకోచోటికి తోలుకుంటా."

సర్వర్ ఆపిన ప్రతిసారీ జవాబు రాని బేరాలన్నీ చెరిగిపోతాయి. ఆ నష్టం కల్లాల్లో పడేది కాబట్టి కొట్టులో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చంద్రమౌళి సర్వర్‌ని ఆపే మీట మీంచి వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఇదివరకు ఫొటోల బరువనుకుని వాటిని చిన్నవి చేశాడు. తగ్గలేదు. జనం రద్దీ అనుకున్నాడు. కానీ సెలవు రోజున కూడా నిండిన మెమరీ నిండినట్టే ఉంది. ఇవాళ ఆపకుండా, సర్వర్ పట్టుకు కూర్చున్నదేమిటో ఒక్కొక్కటే తెరిచి చూశాడు. అన్నీ జవాబు లేని బేరాలే. 'సరే' అనో 'వద్దు' అనో నొక్కేదాకా దేన్నీ వదలకుండా ప్రోగ్రాం రాశారెవరో. 'వద్దు' ఒక్కసారి కూడా ఎవరూ నొక్కలేదు.

వక్కపొడి నములుతూ వచ్చిన చెన్నకేశవరావును, 'వద్దు' ఎవరూ నొక్కరేమని అడిగాడు.

"ఎందుకు నొక్కుతారోయ్? ఇవాళ వద్దంటే ఆ రైతు రేపు మంచి కాయొచ్చినా మన గుమ్మం ఎక్కడు. ఈ కొట్లో ఎవర్నీ కాదనం. 'చూద్దాం' అంటాం, అంతే."

చంద్రమౌళికి దారి దొరికింది. అంగడి ముందు పేరుకున్న బస్తాల్ని గోడౌనుకు చేర్చినట్టు, జవాబు రాని బేరాల్ని మెమరీలోంచి డిస్కులోకి దించాడు. ఎవరైనా అడిగినప్పుడే పైకి తెచ్చేలా మార్చాడు. ఇక ఆపినా ఏదీ చెరగదు. అసలు ఆపే పనే లేదు. ఆఖరి మీట నొక్కేముందు కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద కూర్చున్న రాఘవమ్మ మాటిమాటికీ తలెత్తి ఆకాశంకేసి చూస్తోంది. నొక్కేశాడు.

ఆమె కాయ తెర మీదికొచ్చింది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే చెన్నకేశవరావు ధర చెప్పక తప్పలేదు.

"ఇదేదో పొద్దున్నే చెబితే ఆటో తిప్పలు తప్పేవిగా!" అంటూ ఆమె కల్లానికి పరుగుతీసింది.

సాయంత్రం దాకా తెర మీద మెమరీ వాడకం చూపే గీత పైకి లేవలేదు.

"ఇక రోజూ ఎవరూ కూర్చోనక్కర్లేదన్నమాట" అన్నాడు చెన్నకేశవరావు.

"అక్కర్లేదండి. మరి నా సంగతి...?"

ఆయన చూపు వీధిలోకి మళ్లింది. "చూద్దాంలే చంద్రమౌళీ."

చంద్రమౌళి రెండోసారి అడగలేదు. క్యారేజీ తీసుకుని, నమస్కారం పెట్టి, నందిగామ బస్సెక్కాడు. మర్నాడు రాలేదు. కొట్టువాళ్లెవరూ రమ్మని ఫోను చేయలేదు.

వెనక గదిలో సర్వర్ నిదానంగా నడుస్తోంది. కుర్చీలో, నడుం నొప్పికని అతను ఇంటినుంచి తెచ్చుకున్న దిండు, మధ్యలో పడ్డ గుంటతో అలాగే ఉంది.