కాచిన చెరువు నీళ్ళు

తన చేత్తో తాగించిన నీళ్ళే బిడ్డను తీసుకుపోతాయేమోనన్నది దుర్గాభవానికి ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద భయం. తెనాలి ఆసుపత్రిలో మంచం మీద ఏడాదిన్నర కొడుకు అభినవ్ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. పొద్దుటి నుంచీ తల్లిని గుర్తుపట్టడం లేదు.

ఎండాకాలం కాలవలకు నీళ్ళు కట్టేశాక, రేపల్లె దగ్గర వాళ్ళ ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటింది. నీళ్ళ మీద రంగు ఒలకబోసినట్టు నీలిపచ్చ పాచి తేలింది. డబ్బా నీళ్ళ ఆటో రావడం మానేసింది. గేదె మూతి పెట్టబోయి వెనక్కి తిరిగితే, "దీనికి కూల్‌డ్రింకు కావాలంట!" అని గట్టు మీద జనం నవ్వారు.

ప్రతిదానికీ ఉలిక్కిపడే భవాని ఈ పాచికి మాత్రం భయపడలేదు. బాపట్లలో ఇంటర్ చదివేటప్పుడు బోటనీ మేడమ్ చెప్పింది ఆమెకు గుర్తుంది.

"పాచి అంటాం గానీ, ఇది ఆల్గే అనే శైవలమూ కాదు, మొక్కా కాదర్రా. బాక్టీరియా. మొక్కల ఇంటిపేరు దీనికి రాదు. కానీ ఆ ఇంట్లో దీపం పెట్టింది ఇదే. ఎప్పుడో దీన్నొక కణం మింగింది. అరక్క లోపలే ఉండిపోయింది. అదే శైవలాల్లో పచ్చదనం. వాటిలో ఒక తెగ గట్టెక్కి, తడిగోడ మీద నాచై, ఫెర్నై, చివరికి మన వరి అయి కూర్చుంది."

పాఠం సగంలో ఉండగానే భవానికి పెళ్ళి కుదిరింది. మిగతా సగం వినలేదు. బాక్టీరియా అన్నారు కదా, కాస్తే చస్తుందనుకుంది. నీళ్ళు బట్టలో వడకట్టి, తెర్లేదాకా కాచింది.

"ఏంటే, కాలేజీలో నీళ్ళు కాయడమే నేర్పారా?" అంది అత్త కనకరత్నం.

"బాక్టీరియా అత్తయ్యా. చచ్చిపోద్ది."

పక్కింటి షారోన్ నెల బిడ్డను భుజాన వేసుకుని గోడ మీంచి అడిగింది. "అక్కా, మా పిల్లకి డబ్బాపాలు. ఈ నీళ్ళతో కలపొచ్చా?"

"బాగా కాచి కలుపు. మా వాడికి నేను పట్టేదీ అవేగా."

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం నీళ్ళు తాగిస్తున్నారమ్మా?"

"చెరువు నీళ్ళేనండి. నీలిపచ్చ పాచి తేలితే వడకట్టి కాచానండి."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "కాస్తే ఆ పాచి చస్తుంది. చచ్చి పగిలితే లోపలి విషం నీళ్ళలో కలుస్తుంది. ఎంత మరిగినా అది పోదమ్మా. కాలేయాన్ని పట్టుకుంటుంది."

"ఆ సంగతి మా మేడమ్ చెప్పలేదండి" అంది భవాని. చెప్పే ఉంటుంది. ఆ రోజుకి తను పెళ్ళిపీటల మీద ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది షారోన్. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. షారోన్ మొగుడు ఊళ్ళో లేడు. గట్టు మీద ఉన్నవి తమదీ షారోన్‌దీ రెండిళ్ళే, కబురు చెప్పేవాళ్ళు లేరు. అత్తా భర్తా ఇక్కడే మందుల కోసం, రక్తం కోసం తిరుగుతున్నారు. లేచి బస్సెక్కుదామంటే, పిల్లాడి వేళ్ళు చల్లబడుతున్నాయి. భవాని ఆ చెయ్యి వదల్లేదు.

మీలో ఎవరైనా రేపల్లె వైపు పోతుంటే, మంచినీళ్ళ చెరువు గట్టున షారోన్ ఇల్లెక్కడని అడగండి. కాచిన నీళ్ళు పారబోయమనండి. ఆ నెలబిడ్డ కళ్ళు ఏ రంగులో ఉన్నాయో ఒక్కసారి చూడండి.