పసుపంటిన బొటనవేలు

చూపుడువేలు చాపకూడదు, మనిషి వైపైనా సముద్రం వైపైనా బొటనవేలితోనే చూపించాలి అని పెళ్లైన కొత్తలో అత్తగారు నేర్పింది, పొద్దున సముద్రపు కట్ట అడుగున నీరు ఉబుకుతుంటే ఫోన్లో తీస్తూ నేను చాపిందీ ఆ వేలే, పసుపు నూరుతూ లేచి పరుగెత్తిన వేలు, ఇప్పుడు టీవీ నిండా అదే, కింద సెమరాంగ్ వాసి తీసిన వీడియో అని మా ఊరి పేరుతో అక్షరాలు, గోరంచున పసుపు కూడా కనిపిస్తోంది, కడుక్కుని వెళ్లాల్సింది, ఛీ, ఇదా ఆలోచించేది, కట్ట కింది పల్లపు వీధిలో ఆడపడుచు సార్తిని నెలల బిడ్డతో ఇంకా కదలనేలేదు, ఫోన్ చేస్తే, నీకు చెంబు ఒలికినా వరదే వదినా, కట్ట గట్టిగా ఉందని టీవీలో ఆఫీసరే చెప్పాడు అని నవ్వింది, ఏమో, నాకూ అనుమానమే, అయినా ఆ వీడియో చీటీలు కట్టే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, అక్కడినుంచి ఎవరెవరి చేతులు మారిందో, టీవీ అమ్మాయి ఫోన్ చేసింది, వేలు అడ్డొస్తోంది, ఇంకోసారి తీస్తారా అమ్మా అంది, ఉండనివ్వమ్మా, ఆ చోటు చూపించేదే అది అన్నాను, రేపు ఆఫీసువాళ్లు మనింటి మీదికొస్తే నువ్వే కాఫీ ఇవ్వు అని మావారు విసుక్కున్నారు.

ఆఫీసరు మళ్లీ కట్ట గట్టిదంటున్నాడు, వార్తలు చదివే ఆవిడ చెయ్యి కాస్త పైకెత్తి, ఒక్క నిమిషం సార్, ఆ వీడియో తీసినావిడ ఏమంటోందో విందాం అంది, గది నిండా నా గొంతు, నీళ్లు పైనుంచి కాదు, అడుగునుంచి వస్తున్నాయి, సార్తినీ, బిడ్డనెత్తుకుని బడి మేడ మీదికి పోవే, అయ్యో, అదీ ఉంచేశారా, మనుషుల్ని పంపుతున్నాం అన్నాడు ఆఫీసరు, ఇంతలో ఫోన్, మెట్లెక్కుతున్న ఆయాసం, బిడ్డ ఏడుపు, పేరు పెట్టి అరిచి దేశం ముందు పరువు తీశావు వదినా, వీధి వీధంతా మేడ మీదికి వచ్చేసింది, నీళ్లు గుమ్మాల దాకా ఉన్నాయి అంటోంది, ఇన్నేళ్లుగా ఆ వార్తలావిడ చదువుతుంటే ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను, వార్త అక్కడ పుట్టి ఇక్కడికి వస్తుందనుకున్నాను, ఇవాళ ఆవిడ చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి, నా మాట పూర్తయ్యేదాకా వింది.