పిట్టల కింద పీచు

తడిసిన కొబ్బరి పీచు వాసన.

ఆగని ముసురు. పాకలో చెక్కపెట్టె. పెట్టెలో కౌజు పిట్టలు. అన్నీ అటూ ఇటూ తిరుగుతున్నాయి... ఒక్కటి మాత్రం మూలన నిలబడి ఉంది. ఒంటికాలి మీద.

రమ్యశ్రీ వంగి చూసింది.

పిట్ట ఎత్తిన కాలు దించింది. వెంటనే మళ్ళీ ఎత్తేసింది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. గుప్పెడు ప్రాణి. ఒళ్ళంతా గుండే అన్నట్టు కొట్టుకుంటోంది. కాలి వేలు ఒకటి ఉబ్బి ఉంది. దాని మొదట్లో పీచు పోగు, సన్నగా, చర్మంలోకి దిగిపోయి, ముడిపడి.

ముడి.

పిట్ట తిరిగినకొద్దీ పోగు చుట్టుకుంటుంది, బిగుస్తుంది. ఆ ముడి ఎవరూ వేసింది కాదు. ఆ సంగతి రమ్యశ్రీకి తెలుసు. తెలిసినా ఒళ్ళు జలదరించింది. వల బాగుచేసేటప్పుడు లోవరాజు అచ్చం అలాంటి ముడే వేసేవాడు.

లోవరాజు ఆమె భర్త. అంతర్వేది నుంచి పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఈ ఏడు వేట మొదలైన కొత్తలో, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. తక్కినవాళ్ళంతా ఈదుకుని ఒడ్డుకొచ్చారు. అతను రాలేదు. పడవలేసుకుని వెతికారు. చెక్కలు దొరికాయి. డబ్బాలు దొరికాయి.

అతను దొరకలేదు.

దొరక్కపోతే పోయినట్టేనా, అంటుంది అతని తల్లి మంగాయమ్మ.

అందుకే రమ్యశ్రీ చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. బొట్టు అలాగే ఉంది. ఆ గాజుల చప్పుడు వినపడితే వీధిలో ఆడవాళ్ళు మాట ఆపేస్తారు.

వేటకు వెళ్ళే ముందు అతను చేసిన ఆఖరి పని ఆ పీచు పరవడం. ఎండు కొబ్బరి డొక్కలు చీల్చాడు. పీచు విడదీసి దులిపాడు. పెట్టెలో మెత్తగా పరిచి అరచేత్తో అదిమి చూశాడు.

"దీని మీద నేనే పడుకోవచ్చే రమ్యా" అని నవ్వాడు.

వెళ్ళాడు.

ఆ పీచును తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మంగాయమ్మ ముట్టుకోనివ్వలేదు. "వాడి చేత్తో పరిచింది. ఉండనీయమ్మా" అంది. రమ్యశ్రీకీ ఉండనీ అనే అనిపించింది.

ఇప్పుడు ఆ పీచు పిట్ట కాలిని పట్టుకుంది.

గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టింది. అంటుకుపోయిన రెట్ట మెత్తబడి ఊడింది. జాకెట్లు కుట్టే చిన్న కత్తెర మొన పోగు కిందికి దూర్చింది. పోగు తెగింది. కాస్త చీము... కాస్త నెత్తురు. పిట్ట అరవలేదు. కళ్ళు మూసుకుంది. బెటాడిన్ రాసి, ఆరేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత ఇంకో పిట్ట. ఆ తర్వాత మరోటి. ఒకదానికి అరికాలి కింద నల్లటి పుండు. ఒకదానికి కీలు వాపు. ఒకదాన్ని విడిపిస్తే ఇంకొకదాన్ని పట్టుకుంటోంది.

ఎవరు?

ఆ ప్రశ్నను పైకి రానివ్వలేదు. మింగేసింది.

గుడ్డ పరిచిన బుట్టలో ఆ మొదటి పిట్టను పెట్టుకుని రాజోలు పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు క్రిస్టీనా పిట్టను వెల్లకిలా తిప్పి, వెలుతురులో కాలు చూసింది.

"ఈ వేలు చచ్చిపోయిందమ్మా. ఎండి దానంతటదే రాలిపోతుంది, మీరు లాగకండి. మిగతావాటికి పుండు కడిగి మందు రాయండి. తాగే నీళ్ళలో ఈ చుక్కలు కలపండి. కింద ఏం వేశారు?"

"కొబ్బరి పీచండి."

"తడిసిందా?"

"ఆయ్."

"ఆ తడికే పుండ్లు. పోగులేమో కాళ్ళకి చుట్టుకుంటాయి. అది ఉన్నంతకాలం ఎంత మందు రాసినా మానదు. మొత్తం తీసేసి పొడి ఇసుక పొయ్యండి." రమ్యశ్రీ గాజుల వైపు చూసి మామూలుగా అంది. "ఇసుక బరువు కదా, మీ ఆయన్ని తెమ్మనండి."

బల్ల మీద పిట్ట కదిలింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది రమ్యశ్రీ.

"ఆయ్... తెమ్మంటానండి."

మందు తెచ్చింది. పీచు తియ్యలేదు.

కడిగింది, రాసింది, ఆరబెట్టింది. మళ్ళీ ఆ పీచు మీదే వదిలింది. పిట్టలు కాళ్ళెత్తుకుని నిలబడ్డాయి. ఆమె చూడలేక మొహం తిప్పుకుంది.

ఒక పొద్దున పెట్ట ఒకటి పక్కకు ఒరిగి ఉంది. కాళ్ళు రెండూ పీచులో చిక్కుకుని, బిర్రబిగిసి. పైకి తియ్యబోతే దాంతోపాటు పీచంతా లేచొచ్చింది.

కొబ్బరిచెట్టు పాదులో గొయ్యి తీసింది. పిట్టను పడుకోబెట్టింది. చేత్తో మట్టి కప్పింది. అప్పుడు ఏడ్చింది. పడవ తిరగబడిన నాటి నుంచీ రాని ఏడుపు, వంచిన తల ఎత్తనివ్వని ఏడుపు.

పూడ్చడానికి ఒక ఒళ్ళు ఉంది. అందుకే ఏడ్చింది.

చేతులు కడుక్కుని, పిట్టల్ని గంప కింద మూసి, పెట్టెలో చెయ్యి పెట్టింది.

"ఏం చేస్తన్నావే?" గుమ్మంలోంచి మంగాయమ్మ.

"తీసేస్తన్నానండి అత్తయ్యా. ఇసుక పోస్తాను."

"వాడొచ్చి అడిగితే?"

"నేనే తీసేనని చెప్తాను. పిట్టలు చచ్చిపోతన్నాయని చెప్తాను. తిడితే నన్నే తిడతారు."

చూరు నీళ్ళు పడుతున్నాయి.

"తిట్టడానికైనా రానీయే" అంది మంగాయమ్మ.

పీచు చాపలా లేచింది. పైన తడి. అడుగున, అతను అదిమిన చోట, వెచ్చన. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పక్కలా ఉంది. రమ్యశ్రీ చేతులు ఆగిపోయాయి. మంగాయమ్మ వచ్చి దాన్ని అందుకుంది. గుండెలకు పెట్టుకుంది. కంపు... పురుగు... ఏదీ పట్టలేదు ఆమెకు. అలాగే వానలోకి నడిచి, పెరటి గట్టు మీద దించి, తిరిగొచ్చింది.

"ఇసుకెక్కడ తెస్తావు?"

ఇద్దరికీ తెలుసు ఎక్కడో.

సముద్రం ఇంటికి దూరమేం కాదు. గాలి మళ్ళితే కెరటం వినపడుతుంది. ఇద్దరూ అటు వెళ్ళడం మానేశారు. మంగాయమ్మ మంచం కూడా అటు వీపు పెట్టి వేసుకుంది.

వాన వెలిసిన పొద్దున వెళ్ళారు. నీళ్ళకు వీపు పెట్టి కూర్చుని బేసిన్లు నింపారు. వెనక అది వస్తోంది, పోతోంది, వస్తోంది. మంగాయమ్మ తల తిప్పలేదు. నెత్తిన బేసినుతో గబగబా ఇంటికొచ్చేశారు.

ఉప్పు పుండ్లను మండిస్తుంది. మంచినీళ్ళు పోసి ఇసుక కడిగింది రమ్యశ్రీ. నీళ్ళు వంపింది. మళ్ళీ పోసింది. రేణువు నాలిక మీద వేసుకుని చూసింది. ఉప్పు. మళ్ళీ కడిగింది. చివరికి చప్పబడ్డాక బరకం పట్టా మీద ఎండబోసి, పొడిపొడిగా రాలేదాకా తిరగేసింది.

పిట్టలు ముందు భయపడ్డాయి. తర్వాత ఒకటి ఇసుకలో రెక్కలు విదిల్చి పొర్లింది. తర్వాత అన్నీ.

పుండ్లు ఎండాయి. పెచ్చులు రాలాయి. నల్లబడ్డ వేలు ఒకనాడు ఇసుకలో కనపడింది, ఎండుపుల్లలా. ఆ పిట్ట కొంచెం కుంటుతోంది. కానీ రెండు కాళ్ళూ నేల మీద పెడుతోంది.

సాయంత్రాలు మంగాయమ్మ అరచేత్తో ఇసుక చదును చేస్తుంది. పొద్దున్నే వచ్చి అడుగులు చూస్తుంది. ఏ పిట్ట ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో. చూస్తూ... చూస్తూ ఉండిపోతుంది. ఎవరి అడుగుల కోసమని రమ్యశ్రీ అడగదు.

ఇసుక మాసింది. మార్చాలి. రమ్యశ్రీ చెప్పేలోపే మంగాయమ్మ బేసిను పట్టుకుని గుమ్మం దిగింది.

ఒడ్డున రమ్యశ్రీ పోయినసారిలాగే నీళ్ళకు వీపు పెట్టి కూర్చుంది. మంగాయమ్మ కూర్చోలేదు. నడిచింది. తడి ఇసుక దాకా. నురుగు పాదాలు దాటేదాకా.

"ఒరే లోవరాజూ!"

ఇంట్లో కూడా పలకని పేరు. గాలి సగం తీసుకుపోయింది.

"పిట్టలు నడుస్తన్నాయిరా... పీచు తీసేసేం. కోపం పెట్టుకోకు నాయనా."

కెరటం వచ్చింది. ఆమె మడమల కిందనుంచి ఇసుక లాక్కుని పోయింది. ఆమె తూలింది. నిలదొక్కుకుంది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వింటోంది.

రమ్యశ్రీ బేసిను కింద పెట్టింది.

అటు తిరిగింది.