ముఖ్య అతిథి వచ్చేదాకా

పోటీకి ముందురోజు సాయంత్రం పరంజ్యోతి తల్లులందరినీ ఇందుకూరుపేట బడి వరండాలో కూర్చోబెట్టి, నెల్లూరులో ఏం జరగబోతుందో విడమరిచి చెప్పింది. వాళ్ళలో చాలామంది డాన్సు పోటీని టీవీలో చూసిందే తప్ప ఎదురుగా చూసింది లేదు. వెళ్ళగానే టోకెన్ ఇస్తారని, కానీ ఆ వరసలో ఎప్పుడూ పిలవరని, జడలకు సవరాలు ఇంటి దగ్గరే బిగించి తీసుకురావాలని, పెరుగన్నం తప్ప మరేదీ పెట్టవద్దని చెప్పింది.

"నీళ్ళు మాత్రం తక్కువ తాపండి. ఆడ బాత్‌రూములు బాగుండవు. డ్రస్సు విప్పి మళ్ళా కట్టాలంటే ఇంకో తిప్పలు. మన ఆట అయిపోయినాక కావలసినన్ని తాగొచ్చు" అంది.

"ప్రైజు ఎవరిస్తారు టీచర్?" అని అడిగింది పుష్పకుమారి. ఆమె భర్త రొయ్యల గుంటల మీద కాపలా పని చేస్తాడు. కూతురు లిల్లీ కోలాటంలో ముందు జంటలో ఉంటుంది.

"ముఖ్య అతిథి ఇస్తారు. ఎవరో పెద్దాయన్ని పిలిచినారంట. ఫొటో కూడా తీస్తారు."

ఫొటో అనే మాట పుష్పకుమారి మనసులో నాటుకుపోయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా లిల్లీ గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ పోయింది.

పరంజ్యోతికి ముప్పై నిండలేదు. డాన్సు నేర్చుకుని ఊరికి తిరిగొచ్చిన కొత్తలో, దేవుని బిడ్డకు ఈ గంతులేందని సంఘంలో పెద్దలు ముఖం తిప్పుకున్నారు. చర్చి హాలు ఇచ్చేది లేదన్నారు. అప్పుడు జయరామయ్య అనే రిటైర్డు హెడ్‌మాస్టరు ఒక మాట చెబితే ఈ బడి వరండా దొరికింది. నెల్లూరులో పోటీ నడిపేది కూడా ఆయనే. ఆయన చల్లని చూపు లేకపోతే తన క్లాసు ఉండదని పరంజ్యోతికి బాగా తెలుసు.

పోటీ వెంకటాచలం వైపు హైవే పక్కన ఒక కల్యాణ మండపంలో. మే నెల, పైన రేకుల కప్పు. పన్నెండు మంది పిల్లలూ, తోడుగా కొందరు ఆడవాళ్ళూ డ్రైవరు రూఫస్ వ్యానులో పొద్దున్నే చేరారు. తీరా పిలిచే వేళకు సాయిలక్ష్మి రవిక హుక్కులు ఊడిపోయాయి. ఆ పిల్ల ఈ ఏడు ఒళ్ళు చేసింది, రవిక నిరుటిది. పరంజ్యోతి సూదీ దారం తీసి రవికను వీపు మీదే కుట్టేసింది.

"కదలబాకమ్మా, గుచ్చుకుంటాది."

సాయిలక్ష్మి ఊపిరి బిగబట్టి నిలబడింది. పక్కనే ఉన్న నాయనమ్మ రాఘవమ్మ కొంగుతో పిల్ల మెడ మీద చెమట తుడిచింది.

ఆట బ్రహ్మాండంగా కుదిరింది. కోలలు ఒక్క మోతగా పడ్డాయి. వలయం విచ్చుకుని మళ్ళీ ముడుచుకునేటప్పుడు ఎవరి కాలూ తడబడలేదు. దిగి వచ్చాక న్యాయనిర్ణేతల్లో ఒకావిడ పరంజ్యోతి చెవిలో, "ఫస్టు మీదే, ఇప్పుడే బయట పెట్టబాకండి" అని చెప్పి వెళ్ళింది. ఆ సంగతి పిల్లల్లో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు.

భోజనాల వేళకు ఆటలన్నీ ముగిశాయి. ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుని బయలుదేరబోతుంటే మైకులో ప్రకటన వచ్చింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారు, బహుమతులు ఆయన చేతుల మీదుగానే ఇస్తారు, కుర్చీలు ఖాళీగా కనబడితే బాగుండదు కాబట్టి అందరూ కూర్చోవాలి. ముందు అది విన్నపంలాగే ఉంది. ఒకతను కొడుకును చంకనేసుకుని గేటు దాకా పోయి తిరిగొచ్చి, "తాళం ఏసినారు" అన్నాడు.

గేటుకు గొలుసు చుట్టి పెద్ద తాళం వేసి ఉంది. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని తన దగ్గర తాళంచెవి లేదన్నాడు. ముఖ్య అతిథి మనుషులు ముందుగా వచ్చారట, ఏర్పాట్లన్నీ వాళ్ళే చేతిలోకి తీసుకున్నారట.

ఆ మనుషుల్లో ఒకడు, చేతిలో రెండు ఫోన్లు పట్టుకుని తిరిగేవాడు, పరంజ్యోతి దగ్గరికి వచ్చాడు. "కోలాటం పిల్లలు మీవాళ్ళేనా? డ్రస్సులు బాగుండాయి. రెండు వైపులా నిలబెట్టండి. పూలు చల్లాల."

పిల్లల్ని వాకిలికి అటూ ఇటూ నిలబెట్టారు. చేతికో పూల పళ్ళెం ఇచ్చారు. కూర్చుంటే బట్టలు నలుగుతాయి కాబట్టి కూర్చోవద్దన్నారు. సార్ బుచ్చిరెడ్డిపాలెంలో ఏదో ప్రారంభోత్సవంలో ఉన్నారని ఒకసారి, అక్కడ లేచారని ఒకసారి, నెల్లూరు చేరారని ఇంకోసారి కబురు వచ్చింది. నెల్లూరు చేరారన్న తర్వాత చాలాసేపటికి, ఇంకా బుచ్చిలోనే ఉన్నారని తెలిసింది. పళ్ళేల్లో బంతిరేకులు వాడి ముడుచుకున్నాయి.

పరంజ్యోతి జయరామయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన స్టేజీ వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీలో, ఇస్త్రీ పంచెతో, చెమట కారుతూ కూర్చుని ఉన్నాడు.

"సార్, పిల్లలు పొద్దుట్నుంచీ నిలబడుండారు. మమ్మల్ని పంపించేయండి."

"నేనేం చేసేదమ్మా" అన్నాడాయన. "ఆయన్ని పిలవబాకండయ్యా అని కమిటీలో చెప్పినా. వినలేదు. ఇప్పుడు తాళం వాళ్ళ చేతిలో, మైకు వాళ్ళ చేతిలో. మన ఫస్టు ప్రైజు బృందమే లేకుండా పోతే ఆయన అవమానమనుకుంటాడు. తర్వాత నీ పేరు చెప్పి బడి వరండా అడగాలన్నా నాకు నోరు రాదు."

బెదిరింపుగా అనలేదు. నిజంగానే దిగులుపడుతూ అన్నాడు. అందుకే పరంజ్యోతి తిరిగొచ్చి పిల్లల పక్కన నిలబడి, "ఇంకాసేపే" అంది. ఆ మాట అప్పటికే చాలాసార్లు అన్నదని, ఏ పిల్లా తన వైపు చూడకపోవడం చూశాక అర్థమైంది. బిందె నీళ్ళు తెప్పించి గ్లాసుతో ఇవ్వబోతే సాయిలక్ష్మి వద్దని తల తిప్పింది.

"అర్జంటు అయితే ఎట్టక్కా? రవిక కుట్టేసినారు గదా."

"ఏం కాదులే, తాగు" అంది పరంజ్యోతి. ఆ పిల్ల పెదవులు తడుపుకుని గ్లాసు ఇచ్చేసింది.

ఎండ వాలి సరిగ్గా వాకిట్లోకి కొట్టే వేళ సాయిలక్ష్మి పడిపోయింది. ముందు పళ్ళెం జారింది, తర్వాత పిల్ల. రాఘవమ్మ వంగి, మనవరాలి తల కిందకు చెయ్యి పోనిచ్చి, పరంజ్యోతి ముఖంలోకి చూసింది.

ఇద్దరూ కలిసి పిల్లను వంటశాల వైపు గదిలోకి మోసుకెళ్ళారు. పరంజ్యోతి తాను కుట్టిన దారాన్ని పళ్ళతో తెంపింది. రవిక విడిపోగానే వీపు మీద కుట్టు పొడుగునా ఎర్రటి గీత, అక్కడక్కడా సూది గుచ్చుకున్న చోట నెత్తురు చుక్కలు కనబడ్డాయి. ఆ పిల్ల ఒక్కసారీ నొప్పని చెప్పలేదు. ఉప్పు కలిపిన నీళ్ళు తాగిస్తే తాగినవన్నీ కక్కేసింది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఆస్పత్రికి తీసకపోవాల" అంది రాఘవమ్మ.

వంట చేసే పేరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గిన్నెలు పోయే వాకిలి ఉంది, వెనక. దానికి తాళం ఎయ్యలేదు. మా టెంపో వస్తాది గదా."

పరంజ్యోతి రూఫస్‌కు ఫోను చేసి వ్యాను వెనక వాకిలి దగ్గరికి తెమ్మంది. ఇంతలో పిల్లలంతా గది ముందు మూగారు. వాళ్ళలో పెద్దది ఫేబీ, పద్నాలుగేళ్ళది, "మీరు దాన్ని తీసుకుని పోండక్కా, మేం ఉంటాం" అంది.

పరంజ్యోతికి ఒక్క క్షణం ఆ మాట దారి చూపినట్టే అనిపించింది. రాఘవమ్మనూ సాయిలక్ష్మినీ పంపేసి తను ఉండిపోవచ్చు. ప్రైజూ దక్కుతుంది, వరండా కూడా పోదు. నిజం చెప్పాలంటే రూఫస్‌కు ఫోను చేసేటప్పుడు ఆమె మనసులో ఉన్నది అదే. కానీ ఫేబీ పెదవులు కూడా సాయిలక్ష్మి పెదవుల్లాగే తెల్లగా పొక్కి ఉన్నాయి. నీళ్ళు తక్కువ తాగమని ఈ పిల్లలందరికీ తనే చెప్పింది.

"అందరం పోదాం. సామాన్లు తీసుకోండి."

"టీచర్, ఇంకో అర్ధగంట" అంది పుష్పకుమారి. లిల్లీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. "హైవే ఎక్కినారంట. ఇంతసేపు నిలబడి ఇప్పుడు పోతే ఎట్ట? మావోళ్ళందరికీ చెప్పినాను."

"నీ ఇష్టం పుష్పా. నేను ఆగలేను."

లిల్లీ తల్లి వైపు ఒకసారి, వెనక వాకిట్లో వచ్చి ఆగిన వ్యాను వైపు ఒకసారి చూసింది. తల్లి పట్టు వదల్లేదు.

అడుగంటిన బిర్యానీ గిన్నెల మధ్య నుంచి పిల్లలు ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. వ్యాను నేరుగా ఆస్పత్రికి పోయింది. ఆస్పత్రిలో సాయిలక్ష్మికి సెలైన్ పెట్టారు. సగం సీసా ఎక్కాక కళ్ళు తెరిచి, "ప్రైజు ఇచ్చినారా?" అని అడిగింది.

మర్నాడు తల్లుల వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. స్టేజీ మీద లిల్లీ ఒక్కతే, తనకన్నా వెడల్పు ఉన్న షీల్డు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఉన్నది ముఖ్య అతిథి కాదు, ఆయన తరఫున వచ్చిన మరెవరో. దాని కింద మాటలు మొదలయ్యాయి. ఒక పిల్లకు బాగాలేకపోతే మా పిల్లల్ని ఎందుకు వెనక్కి తెచ్చినారని ఒకరు, అడగకుండా ఎట్ట తెస్తారని ఇంకొకరు. కొందరు పిల్లల్ని మానిపించారు. వారం తిరక్కుండా బడి నుంచి కబురు వచ్చింది, వరండాకు మరమ్మతులట. జయరామయ్య ఫోను చేసి, "నేను అడిగి చూసినానమ్మా" అన్నాడు. అడగలేదని ఆయన గొంతులోనే తెలిసింది. పరంజ్యోతి సరే సార్ అంది.

క్లాసు ఎక్కడ పెట్టాలా అని తేలక రోజులు గడిచాక, రాఘవమ్మ పరంజ్యోతి ఇంటికి వచ్చింది. "కోత అయిపోయింది. మా కళ్ళం ఊరికే పడుంది. మళ్ళా వడ్లు వచ్చేదాకా మీరు ఆడుకోండి" అంది. ఆమె కోడలికి అది ఇష్టం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా మాట మార్చుకోలేదు.

కళ్ళంలో మొదటి సాయంత్రం ఏడుగురే వచ్చారు. సాయిలక్ష్మి వదులు చొక్కాలో వచ్చింది. కాసేపటికి పుష్పకుమారి లిల్లీని తీసుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. షీల్డు సంగతి ఆమె ఎత్తలేదు, ఎవరూ అడగలేదు. లిల్లీ వెళ్ళి వరసలో చివర నిలబడింది. ఫేబీ జరిగి చోటిచ్చింది.

పరంజ్యోతి వచ్చి పుష్పకుమారి పక్కన కూర్చుంది. పుష్పకుమారి నేల వైపే చూస్తూ అంది: "ఆ రోజు మీతో వచ్చేయాలనే ఉండింది టీచర్. కాళ్ళు రాలేదు."

"నాకు మాత్రం, సాయిలక్ష్మి పడిపోయేదాకా వచ్చినాయా" అంది పరంజ్యోతి.

అవతల కోలల కోసం పిల్లలు తగువు పడుతున్నారు. ఆమె లేచి అటు వెళ్ళింది.