కదలకుండా ఏడు దినాలు

మాబూబీ అంత మొండి మనిషి కమలాపురం చుట్టుపక్కల పది ఊళ్ళలో దొరకదు. ఇదేదో నోటికొచ్చి అనే మాట కాదు. కావాలంటే రాహేలమ్మను అడగండి, ఇంకా గట్టిగా చెబుతుంది. నాలుగేళ్ళుగా రెండు కళ్ళకూ పొర కమ్ముకుని, ఎదుట నిలబడ్డ మనిషి కూడా ఆనకుండా ఉంటే, "ఆసుపత్రికి పోదాం రామే" అన్నప్పుడల్లా ఆవిడ జవాబు ఒక్కటే: "వచ్చే చలికాలం సూద్దాంలేక్కా."

కంటికి కత్తి పెట్టించుకోవడం చలికాలంలోనే మేలని, ఎండాకాలమైతే పుండు మానదని అందరూ అనేవాళ్ళు. ఆ మాటను మాబూబీ తెగ వాడుకుంది. ఎండల్లో అడిగితే చలి రానీ అంటుంది. చలి వచ్చాక అడిగితే, ఈ చలికి నా ఎముకలు తాళవు, పై ఏడు పోదాం అంటుంది. అట్లా నాలుగు చలికాలాలు దాటించేసింది మహాతల్లి.

ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. మాబూబీ భర్త ఊరూరా తిరిగి దూది ఏకినవాడు, పిల్లలు లేరు. రాహేలమ్మకు ఒక్కతే కూతురు, ఎక్కడో ఓర్వకల్లు దగ్గర కాపురం. రాహేలమ్మ ఇల్లు చర్చి వెనక, మాబూబీ ఇల్లు దూదేకుల వీధి చివర, నడుమ ఒక కంది చేను. చలికాలం పొద్దెక్కి అరుగు మీద ఎండ పరుచుకునే సరికి రాహేలమ్మ ఆ చేను దాటి వచ్చేది. వామనగుంటల పీట నడుమ పెట్టుకుని, చెరో పక్క ఏడు గుంటలు పంచుకుని కూర్చునేవాళ్ళు. ఒక గుంటలో చింతగింజలు తీసి ముందరి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయిన చోట పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ ఆడినవాళ్ళవి. చూపు పోయాక కూడా మాబూబీ వేళ్ళతో తడుముకుని ఆడేది. ఆడడమేమిటి, గెలిచేది! గెలిచి, నశ్యం పీల్చి, తుమ్మి, "కండ్లుండి ఏం లాబంలే నీకు" అని ఎకసెక్కాలాడేది. రాహేలమ్మకు ఒళ్ళు మండిపోయేది. మళ్ళా మరునాడు పొద్దున్నే వచ్చేది.

ఆ ఏడు మాత్రం రాహేలమ్మ పట్టు విడవలేదు. దానికో కారణం ఉంది, అది ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. శెనక్కాయ పీకే దినాల నుంచి ఆవిడ ఒంట్లో బాగుండటం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తిన్న ముద్ద కడుపులో నిలవదు. సందేళకు పాదాలు ఉబ్బి, నొక్కితే సొట్ట పడేవి. రాజంపేట నుంచి వచ్చిపోయే వైద్యుడు ఒకాయన నాడి పట్టుకుని, పాదాలు నొక్కి చూశాడు. చివరకు, "లోపల పెద్ద జబ్బే ఉండాదమ్మా. నా చేతిలో పని కాదు. ఆసుపత్రికి పో, ఆలస్యం చేయగాకు" అన్నాడు.

ఆ మాట విని రాహేలమ్మ తన గురించి రవ్వంత కూడా ఏడవలేదు. ఇంటికొస్తూ దారిలో కూర్చుని ఏడ్చింది మాబూబీ గురించి. రేపు నేను పోతే దీన్ని చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకుపోయేదెవరు? పొయ్యి మీద పాలు పొంగితే చెప్పేదెవరు? ముందు దాని కంటి సంగతి తేలాలి, నా సంగతి తరువాత. అట్లా గట్టిగా అనుకున్నాక ఏడుపు ఆగింది. మొహం కడుక్కుని, నేరుగా మాబూబీ అరుగెక్కి ఒక అబద్ధం చెప్పింది.

"మే, ఆ మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ పై ఏడు వాళ్ళ దొరల సీమకు ఎలబారి పోతాదంట. మళ్ళ రాదంట. ఈ చలికాలం పోతే ఇంగ నీ కండ్లు అంతే!"

మాబూబీ గుంటల మీది నుంచి వేళ్ళు తీసేసింది. "సరే పోదాం పా" అంది.

అంతే! నాలుగేళ్ళు బతిమాలినా లొంగని మనిషి ఒక్క అబద్ధానికి లొంగింది. నా అబద్ధం ఎంత గట్టిదో అని రాహేలమ్మ లోలోపల మురిసిపోయింది.

క్రిస్‌మసుకు పది దినాలుందనగా బండి కట్టించుకుని ఆసుపత్రికి చేరారు. అక్కడ దుడ్లు అడగరు గానీ, ఒక నియమం మాత్రం తప్పదు. కత్తి పెట్టించుకున్న మనిషి ఏడు దినాలు వెల్లకిలా పడుకోవాలి. రెండు కళ్ళకూ కట్టు, తలకు అటొకటి ఇటొకటి ఇసుక సంచులు. తల ఎత్తకూడదు, తిప్పకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. కదిలితే కుట్టు లేని పుండు విచ్చుకుని కన్ను శాశ్వతంగా పోతుంది. అందుకని పక్కనే వండిపెట్టి, తినిపించి, కనిపెట్టుకుని ఉండే తోడు మనిషి కావాలి. తోడు లేకపోతే కత్తి లేదు.

డాక్టరమ్మ తెల్ల దొరసాని. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆవిడది. రాహేలమ్మను ఎగాదిగా చూసి, "నీవు మిక్కిలి అలసినదానివలె కనబడుచున్నావు. నీకు ఆరోగ్యమేనా?" అని అడిగింది.

"గుండ్రాయి మాదిరి ఉండానమ్మా" అంది రాహేలమ్మ, ఉబ్బిన పాదాలు చీర కుచ్చెళ్ళలోకి లాక్కుంటూ. నిజం చెబితే తనను కూడా మంచం ఎక్కిస్తారు. అప్పుడు మాబూబీకి తోడెవరు? దేవుని ఆసుపత్రిలో అబద్ధమాడినందుకు ఆవిడ మనసు పీకింది. ప్రభువా, ఏడు దినాలు ఓర్చుకో, తరువాత నా చెవి పిండుదువు గానీ అని దండం పెట్టుకుంది.

కుడి కంటికి కత్తి పెట్టారు. పొర తీశారు. కట్టు కట్టి మాబూబీని మంచం మీద పడుకోబెట్టారు. రాహేలమ్మ చేసిన మొదటి పని ఆవిడ కొంగు ముడిలో నశ్యం డబ్బీ లాగేయడం.

"నా డబ్బీ ఇయ్యక్కా. నీకు పుణ్యముంటాది."

"తుమ్మితే కన్ను పోతాది. నోరుమూసుకోని పండుకో."

"నవ్వద్దంటారు, తుమ్మద్దంటారు. ఇంగ ఊపిరన్నా తీసుకోవచ్చునా?"

"రవ్వంత తీసుకో."

మాబూబీ పెదవులు వణికాయి. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పడిన పాట్లు చూసి రాహేలమ్మకు గుండె జారిపోయింది. ఆ పైన ఒక్క నవ్వించే మాట అనకుండా ఉండటానికి తన నాలుక తాను కరుచుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్ళుగా ఒకరినొకరు ఎకసెక్కం చేసుకోవడమే స్నేహమనుకున్న మనుషులు నోరు కట్టేసుకుని కూర్చోవాలంటే ఎంత కష్టం!

రెండో దినం మాబూబీయే ఉపాయం చెప్పింది. "పీట తెచ్చినావు గదా. ఇద్దరి ఆటా నువ్వే ఆడు. ఏ గుంట తియ్యాల్నో నేను నోటితో చెప్తా."

రాహేలమ్మ మంచం పక్కన నేల మీద పీట పెట్టుకుని కూర్చునేది. గింజలు ఒక్కొక్కటే టక్కుటక్కుమని పడుతుంటే మాబూబీ చెవులతోనే లెక్క కట్టుకునేది. పధ్నాలుగు గుంటల్లో ఎక్కడ ఎన్ని ఉన్నాయో ఆవిడ తలలో ఉండేది. "నా మూడోది తియ్యి... ఇప్పుడు నీ ఆరోది ఖాళీ, దాని అవతల నాలుగుండాయి, అవి నావి" అనేది. రాహేలమ్మ చూసుకుంటే సరిగ్గా నాలుగే ఉండేవి. ఇది మనిషా, దయ్యమా అని ముక్కున వేలేసుకునేది. నర్సమ్మ విశ్వాసమ్మ కూడా పని మానుకుని నిలబడి చూసేది. ఆ ఆటే లేకపోతే మాబూబీ ఒక్క దినం కూడా కదలకుండా ఉండేది కాదు.

అయిదో దినం పగలు నాలుగు గంటల వేళ. ఆసుపత్రి మనుషులందరూ పక్క మందిరంలో క్రిస్‌మసు పాటలు నేర్చుకుంటున్నారు. ఆ గదిలో వీళ్ళిద్దరే ఉన్నారు. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. రాహేలమ్మ పొద్దుటి నుంచి గంజి కూడా తాగలేదు, తాగినా ఉండదని. గుప్పిట్లో గింజలు తీసుకుని మొదటి గుంట మీదికి చెయ్యి చాచిందో లేదో, కళ్ళు చీకట్లు కమ్మాయి. ఊపిరి అందలేదు. చప్పుడు కాకుండా అట్లే పక్కకు ఒరిగి నేల మీద పడిపోయింది.

"ఎయ్యక్కా. ఎందుకు నిలిపినావు?" అంది మాబూబీ.

రాహేలమ్మకు వినబడుతూనే ఉంది. నోరు తెరిచింది, మాట రాలేదు.

"అక్కా... యాడికి పోతివి? రాహేలక్కా!"

పక్క మందిరంలో డోలక్కు మోగుతోంది, గట్టిగా పాడుతున్నారు. పిలిచినా ఎవరికీ వినబడదు. మంచం కిర్రుమంది. మాబూబీ మోచేతులు ఆనించుకుంటోంది, లేవబోతోంది! ఇంకొక్క క్షణంలో తల ఎత్తుతుంది, కన్ను పోతుంది. నాలుగేళ్ళ బతిమాలుడు, ఇన్ని దినాల ఓర్పు, అంతా మట్టిపాలు. దేవుడా, దీన్ని లేవనియ్యకు!

గింజలున్న చెయ్యి పీట మీదే పడి ఉంది. ఆ చెయ్యి కదిలించే సత్తువ లేదు గానీ, వేళ్ళు రవ్వంత ఆడాయి. ఒక గింజ జారవిడిచింది. టక్కుమంది.

మంచం చప్పుడు ఆగింది.

ఇంకో గింజ వదిలింది. ఇంకోటి. గుప్పిట ఖాళీ అయితే, పడినవాటినే వేళ్ళ కొసలతో ఏరుకుని మళ్ళీ వదిలింది. ఎన్నిసార్లు అట్లా చేసిందో ఆవిడకే తెలియదు. మందిరంలో పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకున్నారు. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది. గోడ పట్టుకుని లేచి కూర్చుని, చెమట తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"పెద్ద ఆట ఆడినా మే. ఇంగ నీ వంతు."

మాబూబీ దుప్పటి మీదికి లాక్కుంది. "ఈ దినానికి చాల్లేక్కా. నిద్ర వస్తాంది. నువ్వు కూడా పండుకో" అంది మెల్లగా.

అమ్మయ్య, కనిపెట్టలేదు అనుకుంది రాహేలమ్మ.

ఆ తరువాత రెండు దినాలు మాబూబీ ఆట అడగలేదు. విశ్వాసమ్మ రాగానే, "నాకు ఆకలి కాలేదు, నా పాలు దానికి పొయ్యి" అనేది. "నువ్వు అటూ ఇటూ తిరగతాంటే నాకు నిద్ర పట్టల్లేదు, ఒక తావున పండుకోమే" అని రాహేలమ్మను కసిరేది. కంటి నొప్పికి చిరాకు పడుతోంది పాపం అని రాహేలమ్మ సరిపెట్టుకుంది.

ఎనిమిదో దినం పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పడానికి వచ్చింది. రాహేలమ్మకు ఒక పక్క ఆత్రం, ఒక పక్క భయం. కన్ను వస్తే మాబూబీ మొట్టమొదట చూసేది తన మొహాన్నే. నాలుగేళ్ళ కిందటి రాహేలమ్మ బొద్దుగా, గట్టిగా ఉండేది. ఇప్పుడు దవడలు పీక్కుపోయి, చీర కొయ్యకు చుట్టినట్టుంది. అందుకని చలి వంక పెట్టుకుని కంబడి నిండుగా కప్పుకుంది, ఎర్రగా తాంబూలం నమిలింది, వెలుతురు తగలకుండా తలుపు వెనక నిలబడింది.

కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. "ఇవి ఎన్ని?"

మాబూబీ కన్ను చికిలించింది. "మూడు."

"ఇప్పుడు?"

"రెండు. నీ చేతికి మచ్చ ఉండాది."

విశ్వాసమ్మ చప్పట్లు కొట్టింది. రాహేలమ్మ కంబడి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆనందమంటే అది! వచ్చింది, కన్ను వచ్చేసింది, ఇంక నేను ఎప్పుడు పోయినా ఫర్వాలేదు అనుకుంది.

"యాడుండాదమ్మా మా రాహేలక్క? ఇట్ల రమ్మను."

రాక తప్పలేదు. వచ్చి మంచం ముందర నిలబడింది. మాబూబీ మసకమసకగా, కన్ను ఆర్పకుండా, పైనుంచి కిందికి చూసింది. తల డాక్టరమ్మ వైపు తిప్పింది.

"అమ్మా, నా కన్ను సరే. ఇంగ దీన్ని సూడు. అయిదో దినం ఈ మనిషి ఈడనే పడిపోయింది."

"ఎవురు పడింది?" రాహేలమ్మ గయ్యిమంది. "గింజల సప్పుడు ఇనలేదా నువ్వు? ఆట ఆడలా?"

"ఆటంటమ్మా ఆట! అన్ని గింజలూ ఒక్క గుంటలోనే పడతాంటే అది ఏ ఆట? పుట్టినప్పటి నుంచి ఆడతాండా, నాకు తెలీదా?"

రాహేలమ్మకు అప్పుడు తట్టింది. అవును, ఒక్కటే గుంట. చెవులతో పధ్నాలుగు గుంటలూ చూసే మనిషిని మోసం చేశాననుకుంది!

"తెలిసీ... ఎందుకు లేయలేదుమే?" అంది.

"లేద్దామనే తల ఎత్తబోయినా. నా పానం కొట్టుకుపోయింది, తెలుసునా నీకు? లేస్తే కన్ను పోతాది. నా కన్ను కూడా పోతే ఇంగ నిన్ను సూసేదెవురు?" మాబూబీ కన్ను తుడుచుకోబోయి చెయ్యి దింపుకుంది. "అందుకే పండుకున్నా. ఒక్కొక్క గింజ పడతాంటే, బతికే ఉండాది, బతికే ఉండాది అనుకుంటా పండుకున్నా. నువ్వు చెయ్యి నిలిపినప్పుడల్లా నేను సచ్చి బతికినానక్కా."

డాక్టరమ్మ రాహేలమ్మను అదే మంచం మీద కూర్చోబెట్టి, కంబడి తొలగించి, గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. పాదాలు నొక్కి చూసింది. "నీవు ఇచ్చట ఉండవలెను. ఎన్ని దినములో నేను ఇప్పుడు చెప్పజాలను" అంది.

"ఉంటాదిలేమ్మా. నేను లేనా?" అంది మాబూబీ. నేల మీదికి దిగి, మంచంకోడు పట్టుకుని, రాహేలమ్మను భుజం పట్టి వెనక్కి పడుకోబెట్టింది. దుప్పటి ఉబ్బిన పాదాల దాకా లాగి కప్పింది. పక్కనే కూర్చుని, మొహంలోకి మొహం పెట్టి చూడసాగింది.

"ఏందిమే అట్ల సూస్తాండావు?" రాహేలమ్మ సిగ్గుపడి కొంగు మొహం మీదికి లాక్కుంది. "సూసేదానికి ఏం మిగిలింది?"

మాబూబీ ఆ కొంగు మెల్లగా పక్కకు తీసింది.

"సూడనీక్కా" అంది. "నాలుగేండ్లాయె నిన్ను సూసి."